లేడీలాండ్‌లో విస్తళ్ళు ఎవరెత్తారు?

రొకేయా సఖావత్ హొసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' చివర చిన్న ప్రమాదం జరుగుతుంది. గాలి కారులోంచి సుల్తానా జారిపడుతుంది. కళ్ళు తెరిస్తే తన పడకగదిలో, తన పడక్కుర్చీలోనే ఉంటుంది. అంతే, కథ అయిపోయింది. క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు ఇక్కడికొచ్చేసరికి నీరసపడిపోతారు. "అంటే అదంతా కలేనా మేడమ్?" అంటారు. అప్పటిదాకా కళ్ళింత చేసుకుని విన్నవాళ్ళు, ఎవరో చేతిలోది లాక్కున్నట్టు చూస్తారు.

వాళ్ళ నిరాశ న్యాయమైనదే. మగవాళ్ళని మర్దానాలో కూర్చోబెట్టి, సూర్యుడి వేడిని గొట్టాల్లో పట్టి వంటలు చేయించి, మేఘాల నుంచి నీళ్ళు తీసుకుని, ఎండ కిరణాలతోనే శత్రుసైన్యాన్ని తరిమేసిన ఒక దేశాన్ని ఇరవై అయిదేళ్ళ అమ్మాయి 1905లో ఊహించింది. అంత ఊహించగలిగిన మనిషికి దాన్ని కల అని చెప్పుకోవలసిన అవసరం ఏమొచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. నాకు తోచిన జవాబు ఇది. స్త్రీల సైన్స్ ఫిక్షన్‌లో కల మొదట్లో ఒక అనుమతి చీటీగా పనిచేసింది. కలకి కన్నవాళ్ళు బాధ్యులు కారు కదా. నిద్రలో వచ్చిందండీ, నేను కావాలని అనుకోలేదు అని చెప్పుకోవచ్చు.

రొకేయా భర్త భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన క్యాంపుకి వెళ్ళినప్పుడు పొద్దుపోక రాసిందట ఈ కథ. తిరిగొచ్చి, కూర్చోకుండా నిలబడే మొత్తం చదివి, ఇది ఘోరమైన పగ తీర్చుకోవడమే అన్నాడట. మెచ్చుకోలుగానే అన్నాడంటారు. ఆ మెచ్చుకోలులో ఉన్న ఉలికిపాటు నాకు ముఖ్యం. కల అని చెప్పినా అంత ఉలిక్కిపడితే, చెప్పకపోతే ఏమయ్యేదో! కథ అచ్చయింది మన మద్రాసులో. కమలా సత్యనాథన్ సంపాదకత్వంలో 1901 నుంచి వస్తున్న 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో. తెలుగు జిల్లాలకీ అప్పుడు రాజధాని మద్రాసే. మనది కాని బెంగాలు నుంచి మనది కాని ఇంగ్లీషులో వచ్చినా ఈ కథ మన గుమ్మంలోనే పుట్టింది. ఆ సంగతి మనం పెద్దగా చెప్పుకోం.

అనుమతి చీటీ రొకేయా కనిపెట్టింది కాదు. 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో రచయిత పేరు లేకుండా వచ్చింది. 1831 ముద్రణకి మేరీ షెల్లీ ముందుమాట రాస్తూ, ఆడపిల్లవై ఉండి ఇంత భయంకరమైన ఆలోచన ఎలా చేశావని అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నానంటుంది. 1816లో జెనీవా సరస్సు దగ్గర ఒక రాత్రి పడుకున్నాక, నిద్రా మెలకువా కాని స్థితిలో, తను చేసిన బొమ్మ పక్కన మోకరిల్లిన విద్యార్థి కనిపించాడని ఆమె ఇచ్చిన సంజాయిషీ. సంజాయిషీ అనే అంటాను. అదే ఆలోచన పద్ధెనిమిదేళ్ళ కుర్రాడికి వచ్చి ఉంటే మేధ అని సరిపెట్టుకునేవాళ్ళు.

ఇంకా వెనక్కి వెళితే 1666లో మార్గరెట్ కావెండిష్ 'ద బ్లేజింగ్ వరల్డ్' ఉంది. అందులో మహారాణికి ఒక లేఖకుడు కావాలి. అరిస్టాటిల్, ప్లేటో లాంటి పాతవాళ్ళని అడుగుతుంది, తర్వాత గెలీలియో, డేకార్త్, హాబ్స్ లాంటి అప్పటివాళ్ళని అడుగుతుంది. ఒక ఆడదానికి రాసిపెట్టడానికి వాళ్ళ అహం ఒప్పుకోదని ఆత్మలు తేల్చి చెబుతాయి. అప్పుడు పిలిపించేది ఎవరిననుకున్నారు? న్యూకాసిల్ డచెస్ ఆత్మని. అంటే రాస్తున్న కావెండిష్‌నే. తన పుస్తకంలోకి తనే అతిథిగా వెళ్ళి, తను కల్పించిన స్త్రీతో స్నేహం చేసుకుని కబుర్లు చెప్పుకుంది. ఆ కాలంలో మాట్లాడే మనిషి దొరకని రచయిత్రి తనకి తనే తోడు తెచ్చుకుందని నేను చదువుకుంటాను. పిచ్చిది అన్నారు ఆమెని. తోడు దొరికినవాళ్ళనీ ఆ మాట అంటూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇదంతా చదువుతూ నోట్సు రాసుకుంటున్న రోజుల్లో నాకూ ఒక కల వచ్చింది. పరిశోధనా వ్యాసాల్లో కలకి చోటులేదు. అక్కడ అన్నిటికీ పుట సంఖ్య ఉండాలి. ఈ పత్రికలో చెప్పుకోవచ్చు కాబట్టి చెబుతున్నాను.

పాత కల్యాణమండపం. పంక్తి భోజనాలు. చాపలు పరిచి అరిటాకులు వేశారు. రొకేయా కొంగు బిగించి వడ్డిస్తోంది. ఉర్సులా లెగ్విన్ గారు తెల్లటి పొట్టి జుట్టుతో బాసింపట్టు వేసుక్కూర్చుని అప్పడం విరుస్తున్నారు. ఆవిడ పక్క విస్తరి ముందు ఎవరూ లేరు. నీళ్ళు చిలకరించి, అన్నీ వడ్డించి, మాగాయ కూడా వేసి ఉంది. అది జేమ్స్ టిప్‌ట్రీ విస్తరి అని నాకు తెలుసు, ఎవరూ చెప్పకుండానే. జొయానా రస్ రొకేయాతో గొడవ పెట్టుకుంది. "వాళ్ళని మర్దానాలో పెట్టి మేపడం దేనికి? నా వైల్‌అవేలో మగవాళ్ళే లేరు, హాయిగా ఉన్నాం" అంటోంది. రొకేయా గరిటె ఆపి, "మరి వంట ఎవరు చేస్తారు?" అంది. పంక్తంతా నవ్వింది. అందరూ తెలుగే మాట్లాడారు, అదీ మా కృష్ణాజిల్లా తెలుగు. ఆక్టేవియా బట్లర్ మాత్రం కూర్చోలేదు. ఆరడుగుల మనిషి, దొడ్డి గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడింది. ఆమె పక్క నుంచి ఒక మనిషి గంపతో వచ్చి ఎంగిలాకులు ఎత్తుకుపోతోంది. మొహం చూద్దామని లేచాను. ఆమె వెనక్కి తిరగకుండానే గుమ్మం దాటిపోయింది. అక్కడ మెలకువ వచ్చేసింది.

'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె ఉంది కదా, తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అది కనిపిస్తుంది. నా కల మొదటి భాగం ఆ పెట్టె లాంటిది. నాకిష్టమైన రచయిత్రులందరూ ఒక చోట, నవ్వుతూ, నా భాషలో. నిజంగా వాళ్ళు కలిసిన సందర్భం ఇలా లేదు. 1974, 75 సంవత్సరాల్లో జెఫ్రీ స్మిత్ అనే సంపాదకుడు 'ఖత్రు' అనే చిన్న పత్రిక కోసం సైన్స్ ఫిక్షన్‌లో స్త్రీల గురించి ఉత్తరాల్లో చర్చ నడిపాడు. లెగ్విన్, రస్, వొండా మెకింటైర్, సూజీ మెకీ ఛార్నస్, కేట్ విల్‌హెల్మ్, శామ్యూల్ డెలనీ వంటివాళ్ళు ఉన్నారు. టిప్‌ట్రీ కూడా ఉన్నాడు. 'ఉన్నాడు' అనే అనాలి, ఎందుకంటే అప్పటికి అందరి దృష్టిలో ఆయన పెద్దమనిషి, మగవాడు. మాతృత్వం గురించి ఆయన రాసినవి కొందరు స్త్రీవాదులకి ఒళ్ళుమండేలా చేశాయి. చర్చ పూర్తి కాకముందే ఆయన బయటికి రావలసివచ్చింది.

ఆ మగమనిషి ఆలిస్ షెల్డన్ అని 1976 చివర్లో, ఆమె తల్లి చనిపోయినప్పుడు వచ్చిన వార్త వల్ల బయటపడింది. పేరు ఒక మార్మలేడ్ సీసా మీది అచ్చు నుంచి తీసుకుంది. మనం ఆవకాయ జాడీ మీద పేరు చూసి పెట్టుకున్నట్టు. అంతకు ముందు ఏడాదే రాబర్ట్ సిల్వర్‌బర్గ్ ఆమె కథల పుస్తకానికి ముందుమాట రాస్తూ, టిప్‌ట్రీ స్త్రీ అన్న అనుమానాన్ని కొట్టిపారేశాడు. ఆ రాతలో పురుషత్వం అంత స్పష్టంగా కనబడిందట ఆయనకి. మనవాళ్ళు ఈ ఉదంతాన్ని సిల్వర్‌బర్గ్‌ని ఎగతాళి చెయ్యడానికి వాడతారు. నాకు ఆ ఉత్తరాల చర్చే ఎక్కువ బాధ కలిగిస్తుంది. స్త్రీల మధ్య స్త్రీగా మాట్లాడే వీలున్న ఒకే ఒక్క గదిలో కూడా ఆమె మగపేరుతో కూర్చుంది, ఆ పేరు వల్లే అక్కడ ఇమడలేకపోయింది. కలలో ఆ విస్తరి ఖాళీగా ఉండటం నాకిప్పుడు ఆశ్చర్యంగా లేదు.

కలలో తెలుగు గురించి కూడా కొంచెం చెప్పాలి. మెలకువ వచ్చాక నేను ఎక్కువసేపు ఆలోచించింది దాని గురించే. లెగ్విన్ 1969లో 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో గెథెన్ అనే గ్రహాన్ని సృష్టించారు. అక్కడి మనుషులకి స్థిరమైన లింగభేదం లేదు. నెలలో కొద్దిరోజులు మాత్రం స్త్రీగానో పురుషుడిగానో మారతారు, ఎవరైనా తల్లి కావచ్చు, తండ్రీ కావచ్చు. అటువంటి మనుషులని ఆవిడ ఇంగ్లీషులో పుంలింగ సర్వనామంతో పిలిచారు. స్త్రీవాదులు ప్రశ్నించారు. 1976లో ఒక వ్యాసంలో సమర్థించుకున్నారు, 1987లో అదే వ్యాసానికి పక్కనే తన అభ్యంతరాలు తనే రాసి మళ్ళీ అచ్చువేశారు. పాతమాట చెరిపెయ్యలేదు, కొత్తమాట పక్కన పెట్టారు. మన విమర్శకుల్లో ఆ పని చేసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు.

ఆ నవలని తెలుగు చెయ్యాలంటే? మన వ్యాకరణం ఏకవచనంలో స్త్రీని తీసుకెళ్ళి వస్తువుల పక్కన నిలబెడుతుంది. బస్సు వచ్చింది, గేదె వచ్చింది, ఆమె వచ్చింది. అతను మాత్రం వచ్చాడు. బహువచనంలోకి రాగానే స్త్రీలు వచ్చారు, పురుషులూ వచ్చారు, బస్సులు వచ్చాయి. ఒక్కతే ఉంటే అమహత్తు, పదిమంది కలిస్తే మహత్తు. సంఘం పెట్టుకుంటే గాని మనిషి లెక్కలోకి రానివ్వని వ్యాకరణం ఇది. ఎస్ట్రావెన్‌ని ఏమని పిలవాలి? 'తను' అంటే సర్వనామం సరిపోతుంది గాని, వెనకే వచ్చే క్రియ పట్టిచ్చేస్తుంది. 'వారు వచ్చారు' అనొచ్చు. లింగం పోతుంది, గౌరవం వచ్చి కూర్చుంటుంది. మంచుఎడారిలో ఒకే గుడారంలో వారాల తరబడి ఒకరి ఊపిరి ఒకరు వింటూ నడిచిన ఇద్దరి మధ్య ఆ గౌరవం గోడలా అడ్డంపడుతుంది. ఆ గోడ కరిగిపోవడమే ఆ నవలకి ప్రాణం. ఇంగ్లీషులో లెగ్విన్‌కి వచ్చిన చిక్కు ఒకటి, తెలుగులో మనకి వచ్చే చిక్కు వేరొకటి. దాన్ని పరిష్కరించే అనువాదకురాలు మన భాషలో ఇంతవరకూ ఎవరూ రాయని ఒక వాక్యం కనిపెట్టాల్సి ఉంటుంది. సైన్స్ ఫిక్షన్ మనకి అనవసరం అనేవాళ్ళతో నేను వాదించేది ఈ ఒక్క ఉదాహరణతోనే.

అనవసరం అనేవాళ్ళు ఉన్నారు. ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో నా పరిశోధనాంశం విని ఒక పెద్దాయన, "మన ఆడవాళ్ళ సమస్యలకీ దీనికీ సంబంధం ఏమిటమ్మా?" అన్నారు. ఆయన ఒక్కడే అయితే పట్టించుకోకపోదును. ఇదే మాట ఇంకో రూపంలో మనలోనూ ఉంది. తెలుగు స్త్రీవాద సాహిత్యం అనుభవం అన్న పునాది మీద నిలబడింది. శరీరం, వంటిల్లు, కాన్పు, గృహహింస. ఇవి నేను అనుభవించాను, నేనే సాక్షిని అన్నది మన బలం, సందేహం లేదు. అయితే సాక్ష్యం చెప్పే మనిషికి కల్పన చేసే హక్కు ఉండదు. సాక్షి ఊహిస్తే కేసు పోతుంది.

దీని మూలాలు పాతవే అనిపిస్తుంది. భండారు అచ్చమాంబ, రొకేయా ఇద్దరూ ఇంట్లో అన్నదమ్ముల దగ్గర చదువు నేర్చుకున్నవాళ్ళే. స్త్రీలు అబలలు, తెలివితక్కువవాళ్ళు అన్న అపవాదు ఇద్దరి ముందూ ఉంది. అచ్చమాంబ గతంలోకి వెళ్ళింది. చరిత్రలో ఉన్న స్త్రీలని వెదికి వెదికి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. ఇదిగో రుజువు అంది. 1905 జనవరిలో ఆమె పోయింది. అదే ఏడాది రొకేయా రుజువు జోలికే పోకుండా, ఉండబోయే దేశాన్ని చూపించింది. ఆ దేశంలో సారా, మగవాళ్ళు రోజుకి పన్నెండు చుట్టలు కాలుస్తారు, చుట్టకి అరగంట, అంటే ఆరు గంటలు పొగకే పోతాయని లెక్క చెబుతుంది. ఇంత నిబ్బరంగా వేళాకోళం చెయ్యాలంటే రుజువు చూపించే బరువు నెత్తిన ఉండకూడదు. మన తెలుగు దారి ఎక్కువగా అచ్చమాంబ దారి. ఓల్గా 'విముక్త' దాకా మనం పురాణంలోకి, చరిత్రలోకి వెళ్ళి అక్కడి స్త్రీల చేత కొత్తమాట పలికించాం. గొప్ప పని. రేపటిలోకి మాత్రం 'ఆదిత్య 369'లో బాలకృష్ణని పంపి ఊరుకున్నాం.

అలాగని లేడీలాండ్ దగ్గర ఆగిపోదామని నేననడం లేదు. ఆ కథలో సుల్తానా వంటిల్లు చూడ్డానికి వెళుతుంది. కూరగాయల తోట మధ్య, పొగ లేకుండా, మసి లేకుండా మెరుస్తూ ఉంటుంది. ఆమె వచ్చేముందే అక్కడ పనిచేసే మగవాళ్ళని పక్కకి తప్పుకోమంటారు. ఎన్నోసార్లు చదివినా నేను ఆ మాట దగ్గర ఆగకుండా దాటిపోయేదాన్ని. రొకేయా వ్యంగ్యం తెలుస్తూనే ఉంది, పరదాలో ఉన్న ఆడవాళ్ళకి జరిగేది మగవాళ్ళకి జరిపించి చూపిస్తోంది. కానీ అతిథి వచ్చినప్పుడు వంటింటి మనుషులు కనబడకుండా పోవాలన్న నియమం మాత్రం అక్కడా అలాగే ఉండిపోయింది. లేడీలాండ్‌లో వీధులు నాచు పరిచినట్టు మెత్తగా ఉన్నాయి, వాటిని ఊడ్చేది ఎవరో కథ చెప్పదు. విస్తళ్ళు ఎవరెత్తారో చెప్పదు.

ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చదివినవాళ్ళకి, మన స్త్రీవాదపు వంటింట్లో ఎవరు కూర్చున్నారు, ఎవరు బయట నిలబడ్డారు అన్న చర్చ గుర్తుంటుంది. కలలో బట్లర్ ఎందుకు కూర్చోలేదో ఆ చర్చ తెలిసినవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. ఆమె తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిమనిషి. దొడ్డి గుమ్మం నుంచి లోపలికి వెళ్ళే తల్లిని, ఆమె ముందే ఆమెని గురించి మాట్లాడే యజమానులని బట్లర్ చిన్నప్పుడే చూసింది. అలా తలవంచి బతికిన పెద్దతరాన్ని ఈసడించుకున్న ఒక కాలేజీ కుర్రాడి మాటలు కూడా ఆమె మనసులో ఉండిపోయాయి. ఆ రెండూ కలిసి 1979లో 'కిండ్రెడ్' అయింది. 1976లో లాస్ ఏంజిలిస్‌లో ఉన్న డేనా అనే నల్లజాతి రచయిత్రి ఉన్నట్టుండి బానిసత్వపు మేరీలాండ్‌లోకి లాగబడుతుంది. యంత్రం లేదు, కారణం లేదు. కల అని సర్దిచెప్పే ఊరట కూడా లేదు. చివరిసారి తిరిగొచ్చేటప్పుడు ఆమె ఎడమచెయ్యి గోడలో ఉండిపోతుంది. సుల్తానా పడక్కుర్చీలో చెక్కుచెదరకుండా లేచింది. డేనా అలా లేవదు.

అందరికీ మేలు చేసే కల ఎంత ప్రమాదమో లెగ్విన్‌కి తెలుసు. 1971 నాటి 'ద లేద్ ఆఫ్ హెవెన్'లో జార్జ్ ఓర్ కన్న కల నిజమైపోతుంది, పాత లోకం ఎవరికీ గుర్తుండదు. అతని డాక్టరు హేబర్ లోకాన్ని బాగుచెయ్యాలని అతని చేత కలలు కనిపిస్తుంటాడు. జాతివివక్ష పోవాలంటాడు. తెల్లారేసరికి మనుషులందరూ బూడిదరంగులోకి మారిపోతారు. వివక్ష పోయింది. దానితోపాటు జార్జ్ ప్రేమించిన హెదర్ లెలాష్ అనే గోధుమరంగు లాయరు కూడా లోకంలో లేకుండా పోయింది. ఆమె రంగు, ఆమె కోపం, ఆమె నడక ఒకదానికొకటి అల్లుకున్నవి. బూడిదరంగు లోకంలో ఆమెకి ఉనికి కుదరదు. కులం ప్రస్తావనే లేని మన ఆదర్శలోకాలు, మన కవిత్వంలోని 'మనమందరం స్త్రీలమే' అన్న పంక్తులు చదివినప్పుడు నాకు హెదర్ గుర్తొస్తుంది.

బట్లర్ కలని పూర్తిగా వదిలిపెట్టిందని కాదు. 1993లో వచ్చిన 'పారబుల్ ఆఫ్ ద సోవర్' మొదలయ్యేది కలతోనే. తారీఖు 2024 జులై 20. ఆ తారీఖు నిజంగా వచ్చిన రోజున నేను ఆ పుట తీసి మళ్ళీ చదివాను. పదిహేనేళ్ళు నిండబోతున్న లారెన్, ఎగరడం నేర్చుకుంటున్నట్టు, తలుపువైపు వెళుతుంటే గోడ అంటుకుని మండుతున్నట్టు కల కంటుంది. మొదటి పుటలోనే ఆ కల అయిపోతుంది, నవల మిగతాదంతా మెలకువలోనే నడుస్తుంది. కాలిఫోర్నియాలో నీళ్ళు కరువు, ఊరి చుట్టూ గోడ, గోడ అవతల ఆకలి, మంటలు. ఎవరూ అనుమతి ఇవ్వకపోయినా లారెన్ ఊరు విడిచే రోజు కోసం సంచీ సర్దుకుంటుంది. కత్తి, అగ్గిపెట్టెలు, ఉప్పు, సూదీ దారం, నీళ్ళ సీసా, దాచిన డబ్బు, నాటుకోడానికి విత్తనాలు, తన నోటుపుస్తకం. గట్టిగా ఉండటానికి రెండు పాత దిండు గలీబులు ఒకదానిలో ఒకటి దోపి, ఆ సామానంతా అందులో పెడుతుంది.